బేస్‌మెంట్ గదిలోకి వాన నీళ్లు, మీరేం చేశారు?

కొత్తఇల్లు: బేస్‌మెంట్‌లో గోడలకి జిప్సమ్ బోర్డులు కొట్టించి, కింద కార్పెట్ వేయించి పిల్లలకి గది చేశాం. మొన్న రాత్రంతా కుండపోత. పొద్దున దిగి మూలన కాలు పెడితే చప్‌మంది, కార్పెట్ ఎత్తి చూస్తే కింద ఫోమ్ అంతా నీళ్లే. వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే చాలంటున్నారు, నిజమేనా?

మట్టివాసన: పెయింట్ జోలికి ఇప్పుడే పోకండి. నేను లోపల రెండు కోట్లు వేయిస్తే మరుసటేడు వానలకే పొరలు పొరలుగా ఊడొచ్చింది, వెనకాల తెల్లటి ఉప్పు పొడి. బయట మట్టి నానిపోయి నీళ్లు గోడని నెడుతుంటే లోపలి రంగు ఎంతకని ఆగుతుంది? వాన పడుతున్నప్పుడే గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. నాకు అలాగే దొరికింది, కప్పు మీది నీళ్లు దిగే గొట్టం గోడ పక్కనే కుమ్మరిస్తోంది, అక్కడ మట్టి కుంగి గుంట పడింది, లోపల సరిగ్గా ఆ మూలే తడి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడిందంటే 2,500 లీటర్లు, అదంతా ఆ రెండు మూడు గొట్టాల్లోంచే దిగాలి కదా. గొట్టం రెండు మీటర్ల అవతలికి పొడిగించి, గుంట పూడ్చి, మూడు మీటర్లకి 15 సెంటీమీటర్లు దిగేలా మట్టి బయటికి వాలుగా వేయించా. ఆ మూల మళ్లీ తడవలేదు.

చినుకు: కప్పు అంచున ఉండే గట్టర్లలో ఆకులు తీశారా? అవి నిండినా నీళ్లు పొంగి గోడ మీదే పడతాయి.

పంపుమనిషి: మాకు నేలా గోడా కలిసే చోట ఊరేది, అందుకని గుంట తీసి, అందులో చేరిన నీళ్లని బయటికి తోడేసే సంప్ పంప్ పెట్టించాం. కానీ గాలివానలో కరెంటు పోయింది, పంపు ఆగింది, చీలమండ దాకా నీళ్లు. ఇప్పుడు బ్యాటరీ బ్యాకప్ ఉంది. వానాకాలం ముందు గుంటలో బకెట్ నీళ్లు పోసి చూడండి, నీళ్ల మీద తేలే ఫ్లోట్ లేచి మోటార్ దానంతటదే ఆన్ అవ్వాలి, మాది ఒకసారి వైరుకి చిక్కుకుని లేవలేదు.

లక్ష్మీనిలయం: కింద బాత్రూమ్ ఉంటే ఇంకోటి. నీళ్లు గోడలోంచి కాదు, డ్రెయిన్‌లోంచి మురికి కంపుతో పైకి తన్నుకొచ్చాయి మాకు. డ్రైనేజీ లైన్‌కి, మురుగు వెనక్కి తన్నకుండా మూసుకునే బ్యాక్‌వాటర్ వాల్వ్ పెట్టించాం. అది మూసుకుని ఉన్నంతసేపు పైన వాషింగ్ మెషీన్, ఫ్లష్ వాడకూడదండీ, మన నీళ్లకే దారి ఉండదు.

కొత్తఇల్లు: తడిసిన బోర్డులు ఆరబెడితే సరిపోతుందా?

మట్టివాసన: నిలిచిన నీళ్లు ఉంటే కరెంటు ఆపించనిదే కాలు పెట్టకండి, అది అన్నిటికన్నా ముందు. 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది, కార్పెట్ కింది ఫోమ్ ఇవాళే పారేయండి. బోర్డు నీళ్లని పైకి పీల్చుకుంటుంది, తడి గీత కన్నా పైదాకా కోసేసి ఫ్యాన్లు పెట్టండి. కొత్తవి నేలకి తగలకుండా వేలెడు ఖాళీ వదిలి కొట్టించండి, కింద కార్పెట్ బదులు టైల్స్ మేలు.

కొత్తఇల్లు: ఇవాళ వానలో తిరిగా అన్నా. మా గొట్టాలు బాగానే ఉన్నాయి, బేస్‌మెంట్ కిటికీ బయట గుంట మాత్రం అంచుదాకా నిండి ఫ్రేమ్ సందులోంచి లోపలికి కారుతోంది. చెయ్యి పెట్టి అడుగున ఆకులు లాగితే జాలీ బయటపడింది, నీళ్లు గిర్రున దిగిపోయాయి. మూత వేయించడానికి కొలతలు తీసుకున్నా.