మాట చివరి శబ్దాలకు స్పెల్లింగ్ ఎలా నేర్పాలి? 'డక్'కి సి-కె, 'కేక్'కి కె-ఇ ఎందుకు?

పలకాబలపం:
మూడో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. డిక్టేషన్‌లో మాట మొదలు, మధ్య బాగానే రాస్తున్నారు. చివరికొచ్చేసరికి ఎవరి దారి వారిది. 'డక్' అంటే ఒకరు డి-యు-కె, ఇంకొకరు డి-యు-సి. 'బ్రిడ్జ్'కి జె పెట్టి ఊరుకుంటారు. 'మ్యాచ్'లో టి ఎందుకని ఒక పాప అడిగింది. "వినపడట్లేదు కదా టీచర్" అంటోంది. పదేసిసార్లు రాయిస్తే ఆ వారం గుర్తుంటుంది, పై వారం మళ్లీ మొదటికే. ఏదైనా పద్ధతి ఉంటే, అది ఎందుకలా ఉందో కూడా చెప్పండి. మా పిల్లలు కారణం చెప్పకపోతే ఒప్పుకోరు.

నల్లబల్ల:
ఆ పాప సరైన చోటే పట్టుకుంది టీచర్ గారూ. చివరి శబ్దాన్ని ఎలా రాయాలో చెప్పేది ఆ శబ్దం కాదు, దాని ముందున్న అచ్చు. హ్రస్వం, దీర్ఘం మన పిల్లలకు ఒకటో తరగతి నుంచే తెలుసు. దాన్నే వాడుకోండి.

హ్రస్వం పక్కనే 'క్' వస్తే సి-కె: డక్, నెక్, కిక్. దీర్ఘమైతే కె, దాని వెనక పలకని ఇ: కేక్, బైక్, స్మోక్. అచ్చుకీ 'క్'కీ మధ్య ఇంకో హల్లు దూరినా, రెండు అచ్చు అక్షరాలు పక్కపక్కన ఉన్నా ఒట్టి కె చాలు: మిల్క్, డెస్క్, బుక్, వీక్.

ఒక్క చోట జాగ్రత్త. 'బ్యాక్', 'లాక్' మన చెవికి దీర్ఘాల్లా వినిపిస్తాయి, ఇంగ్లిష్ లెక్కలో అవి హ్రస్వాలే. అందుకే నేను పిల్లల్ని అడిగే ప్రశ్న వేరు: "అచ్చు తన పేరు తాను చెబుతోందా?" 'కేక్'లో ఏ, 'బైక్'లో ఐ, 'స్మోక్'లో ఓ తమ పేర్లు చెబుతున్నాయి. 'బ్యాక్'లో చెప్పడం లేదు, కాబట్టి సి-కె. ఈ ప్రశ్న అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

'బ్రిడ్జ్' సంగతి. మామూలు ఇంగ్లిష్ మాటలు జె అక్షరంతో ముగియవు. జి-ఇ పెట్టాలి. కానీ ఆ ఇ ఊరుకోదు, ముందున్న అచ్చు చేత పేరు చెప్పిస్తుంది: పేజ్, కేజ్, స్టేజ్. హ్రస్వం హ్రస్వంగానే ఉండాలంటే మధ్యలో డి అడ్డు నిలవాలి. 'బ్యాడ్జ్'లో డి తీసేసి చదివించండి, 'బేజ్' అవుతుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే డి వెనక్కి పెడతారు. పైగా మనం జడ్జి, బ్రిడ్జి అని ఆ 'డ' పలుకుతూనే ఉన్నాం, పేజీ, స్టేజీలో పలకం. 'మ్యాచ్'లో టి కూడా ఇలాంటి హ్రస్వం పక్కనే వస్తుంది: క్యాచ్, స్విచ్, కిచెన్. 'బీచ్', 'కోచ్', 'లంచ్'లకు దాని అవసరం లేదు.

అన్నీ ఒకే వారం ఎత్తుకోకండి. ముందు 'క్' ఒక్కటే. మాటలు చీటీల మీద రాసిచ్చి రెండు వరుసలుగా పేర్చమనండి, నియమం వాళ్ల నోటే రానివ్వండి. తర్వాత అర్థం లేని మాటలు చెప్పండి: 'స్నెక్', 'ట్రోక్'. ఎప్పుడూ చూడని మాటకు సరిగ్గా రాస్తే బట్టీ కాదని తెలిసిపోతుంది.

పలకాబలపం:
చాలా థాంక్సండీ. అచ్చు పేరు చెప్పడం అనేది మా వాళ్లకు ఇట్టే ఎక్కుతుంది. ఒక సందేహం. 'బెల్', 'మిస్', 'ఆఫ్' లాంటి వాటిలో చివరి అక్షరం రెండుసార్లు వస్తుందని చెప్పాను. మరి 'బస్'కి ఒకటే ఎస్ ఏంటని నిలదీస్తారు. మనం బస్సు అంటాం కదా, వాళ్లకు రెండు వినిపిస్తాయి.

నల్లబల్ల:
ఆ నియమం మంచిదే. ఎఫ్, ఎల్, ఎస్, జడ్ హ్రస్వం తర్వాత చిన్న మాట చివర జంటగా వస్తాయి. 'బస్' అసలు 'ఆమ్నిబస్'. ముందు భాగం తెగిపోయి తోక మిగిలింది, ఆ తోకలో ఉన్నది ఒకే ఎస్. ఈ కథ చెబితే మరిచిపోరు. 'యెస్', 'దిస్', 'ఇఫ్' మాత్రం ఊరికే గుర్తుపెట్టుకోవాల్సినవే, వాటికి కారణం వెతికి పిల్లల్ని తిప్పొద్దు.

నిఘంటువు పక్షి:
'మ్యూజిక్', 'మ్యాజిక్', 'పిక్నిక్' వస్తే నియమం తప్పిందంటారు, ముందే చెప్పి ఉంచండి. ఒకటి కన్నా ఎక్కువ అక్షరాలుగా పలికే ఇలాంటి మాటలు సి తోనే ఆగుతాయి. ఒకప్పుడు వీటికీ కె ఉండేది. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో 'మ్యూజిక్' చివర సి-కె కనిపిస్తుంది. తర్వాత ఆ కె రాలిపోయింది. 'పిక్నికింగ్' రాయాలంటే మళ్లీ వస్తుంది, ఎందుకంటే సి పక్కన ఐ వస్తే 'స' అని చదువుతారు.

ఇద్దరు పిల్లల అమ్మ:
మా చిన్నోడు 'జంప్ట్' చివర పి-టి రాస్తున్నాడు. వినిపించేది 'ట్' కదా అంటాడు. 'ప్లేడ్'లో 'డ్', 'వాంటెడ్'లో 'ఎడ్'. మూడు రకాలుగా వినపడితే ఒకేలా ఎందుకు రాయాలని వాడి బాధ. ఏం చెప్పాలి?

నల్లబల్ల:
అమ్మా, చెవి పద్ధతి ఇక్కడ పనిచేయదు. "ఇది అయిపోయిన పనా?" అని అడగమనండి. అయిపోయిన పనైతే ఇ-డి, ఎలా వినిపించినా సరే. 'జంప్', 'ప్లే', 'వాంట్' రాయించి, ఇ-డి వేరే రంగు పెన్సిల్‌తో చేర్పించండి. 'స్లెప్ట్', 'కెప్ట్' లాంటివి అడిగితే, వాటిలో లోపలి అచ్చు కూడా మారింది చూడమనండి. అక్కడ టి ఉండాల్సిందే.

పలకాబలపం గారూ, 'మ్యాచ్' నియమం చెప్పే రోజున 'మచ్', 'సచ్', 'రిచ్', 'విచ్' ('ఏది' అనే అర్థంలోది) ముందే బోర్డు మీద పక్కన రాసి ఉంచండి. ఆ నాలుగింటికీ టి లేదు, అవి తరచూ వచ్చేవే.