"కనిపెట్టుకొంటిని" అంటే ఎదురుచూడటమా, కనుక్కోవడమా? నలభయ్యో కీర్తన మీద ఒక సందేహం

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఒక మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను, మీ అందరి సాయం కావాలి.

మా అక్క కొడుకు, వాడి స్నేహితులు ముగ్గురు కలిసి గిటార్లు, డ్రమ్స్ పెట్టుకుని చిన్న బ్యాండు నడుపుతున్నారు. నలుగురూ ఒడియా మీడియంలో చదివినవాళ్ళే. తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నదే, చదవడం కష్టం. పాట కాగితం మీద తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. వాళ్ళకి ఐర్లండ్ బ్యాండు యూటూ పాడిన 'ఫార్టీ' అంటే ప్రాణం. దాని మాటలు బైబిల్లోని 40వ కీర్తన నుంచి వచ్చాయని తెలిశాక, ఇంగ్లీషు పాటను తర్జుమా చేయకుండా మన తెలుగు బైబిలు మాటలతోనే నెమ్మదిగా సాగే పాట ఒకటి కట్టాలనుకున్నారు. నేను చదివి వినిపించాను:

"యెహోవా కొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని. ఆయన నాకు చెవియొగ్గి నా మొఱ్ఱ ఆలకించెను."

వెంటనే మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, కనిపెట్టడమంటే ఇన్వెంట్ చేయడం కదా? దేవుణ్ణి ఇన్వెంట్ చేశానని పాడాలా?"

నాకు జవాబు తట్టలేదు. చిన్నప్పటి నుంచి ఈ కీర్తన వింటున్నాను, ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగి చూడలేదు.

యూటూ వాళ్ళ 'ఫార్టీ' ఎలా పుట్టిందో కూడా చెప్పాలి, మాటలు ఎంచుకోవడానికి పనికొస్తుంది. 1983లో వచ్చిన 'వార్' ఆల్బమ్‌లో అది చివరి పాట. డబ్లిన్‌లోని విండ్‌మిల్ లేన్ స్టూడియోలో ఆల్బమ్ పని ముగిసే చివరి గంటల్లో తయారైంది. కుదరక పక్కన పెట్టిన ట్యూన్ ఒకటి ఉంది, దానికి మాటలు లేవు. బేస్ వాయించే ఆడమ్ క్లేటన్ అప్పటికే వెళ్ళిపోయాడు. గిటారిస్టు ఎడ్జ్ బేస్ కూడా తనే వాయించాడు. గాయకుడు బోనో బైబిలు తెరిచి 40వ కీర్తన అందుకున్నాడు. రాయడానికి పది నిమిషాలు, రికార్డింగుకు పది, మిక్సింగుకు పది, విని చూసుకోవడానికి పది పట్టిందని తర్వాత ఆయనే చెప్పాడు. పాట మొత్తం మూడు నిమిషాలు కూడా ఉండదు.

అందులో నన్ను పట్టుకున్నది పల్లవి. 40వ కీర్తన ఎదురుచూపు ఫలించినవాడి మాటతో మొదలవుతుంది. మొర విన్నాడు, పైకి తీశాడు, నోట కొత్త పాట పెట్టాడు. పల్లవి మాత్రం "ఎంతకాలం ఈ పాట పాడాలి" అని అడుగుతుంది. ఆ "ఎంతకాలం" 6వ కీర్తనలోది. అదే ఆల్బమ్ మొదటి పాటలో ఉత్తర ఐర్లండ్‌లో పారిన నెత్తురు గురించి అడిగిన ప్రశ్న కూడా అదే. రెండు కీర్తనల్ని అతికించాడనిపిస్తుంది గానీ, 40వ కీర్తన చివరి మాట చూడండి: "నా దేవా, ఆలస్యము చేయకుము." విన్నాడని మొదలుపెట్టినవాడు మళ్ళీ ఎదురుచూస్తూనే ముగిస్తాడు.

నా ప్రశ్న ఇదీ: "కనిపెట్టుకొంటిని" ఉంచాలా, మార్చాలా?

గుణుపురం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
బాబూ, మాట చాలా పాతది, అర్థం ఇంకా సజీవం. మా అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, "ఒరే, కాస్త కనిపెట్టుకుని ఉండు" అనేది. అంటే పాల మీద కన్ను పెట్టి ఉండమని. పొంగే క్షణం దాటిపోకూడదు. ఎదురుచూడటం, కాపలా కాయడం రెండూ ఆ మాటలో ఉన్నాయి. అలా కన్ను పెట్టి ఉన్నవాడికే దాగినది దొరుకుతుంది. ఇన్వెంట్ అనే అర్థం ఆ దారిలో వచ్చిందే. మీ మేనల్లుడు విన్న అర్థం, మా అమ్మ అన్న అర్థం అన్నదమ్ములే.

బరంపురం నుంచి, ఒక సభ్యురాలు:
పిల్లలు ఒడియాలో చదివారన్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్తాను తమ్ముడూ. కనిపెట్టుకోవడం అర్థం కాకపోతే వాళ్ళు "అపేక్ష" అని పెట్టేస్తారు. ఒడియాలో అపేక్ష అంటే ఎదురుచూపు. తెలుగులో కోరిక, మమకారం. మా కోడలు ఒడియా అమ్మాయి. కొత్తలో "మీ కోసం అపేక్ష చేస్తున్నాను" అంటే మా ఆయన మురిసిపోయారు, పాపం ఆ పిల్ల అన్నానికి పిలిచింది.

రాయగడ నుంచి, ఒక సభ్యుడు:
అన్నా, ఇంత దూరం ఎందుకు? "ఎదురుచూశాను" అని పెట్టేయండి, అందరికీ అర్థమవుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి గ్రాంథికం పట్టుకుంటే ఎలా?

నా జవాబు:
తమ్ముడూ, గిడుగు వారి పేరెత్తావు కాబట్టి ఆయన దారిలోనే వెళ్దాం. ఆయన ఈ ఊళ్ళో ఉండి ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కట్టారు. జనం నోట ఉన్న మాటకు విలువ ఇవ్వాలన్నదే ఆయన వాదం. మాస్టారు చెప్పిన పాలగిన్నె చూడు. "కనిపెట్టుకుని ఉండు" వంటింట్లో ఇవాళ్టికీ వినబడే మాటే. పాతబడింది చివరనున్న "కొంటిని". తోక మారుద్దాం, మాటను ఉంచుదాం. "ఎదురుచూశాను"లో రావాల్సినవాడి దారి కనబడుతుంది. "కనిపెట్టుకున్నాను"లో నిద్రపోని కన్ను కనబడుతుంది. కీర్తనకు ఆ కన్ను కావాలి.

ఇంకో సంగతి. కీర్తన మూలభాష హీబ్రూలో ఆ క్రియ రెండుసార్లు వస్తుంది: "కవ్వో కివ్వీతి". ఎదురుచూడటం ఎదురుచూశాను అన్నట్టు. ఆ రెట్టింపునే మనవాళ్ళు "సహనముతో" అని విడి మాటగా రాశారు. తెలుగులో ఆ అవసరం లేదు. "చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి" అని అంటూనే ఉంటాం. రెట్టింపు మనకు పుట్టుకతో వచ్చింది. "కనిపెట్టి కనిపెట్టి ఉన్నాను" అంటే సహనం అనే మాట లేకుండానే సహనం వినబడుతుంది. నిన్న రాత్రి మేనల్లుడు గిటారు మీద ఇలా పాడితే నాకు ఒళ్ళు జలదరించింది.

మళ్ళీ గుణుపురం మాస్టారు:
బాగుంది బాబూ. రెండో వచనం కూడా చూడు. "నాశనకరమైన గుంటలోనుండియు జిగటగల దొంగ ఊబిలోనుండియు ఆయన నన్ను పైకెత్తెను." మన వైపు గుంట అంటే ఆడపిల్ల. పిల్లలు పాడితే వెనక వరసలో నవ్వులు వస్తాయి. "గోతిలోంచి" అనండి. దొంగ ఊబిని మాత్రం ముట్టుకోవద్దు. ఇంగ్లీషులో బురద మాత్రమే ఉంది. మనవాళ్ళు దొంగనిద్ర, దొంగచూపు వరసలో దొంగ ఊబి అన్నారు. పైకి గట్టి నేలలా కనబడి కాలు పెట్టగానే లాగేసేది. వంశధార ఇసుకలో కాలు దిగబడినవాడికి ఆ మాట వివరించక్కర్లేదు.

జయపురం నుంచి, ఒక సభ్యుడు:
మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు, అయినా ఇది చదువుతుంటే గజేంద్రుడి పద్యం గుర్తొచ్చింది. "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను." నీళ్ళలో ఏనుగు, ఊబిలో మనిషి. ఒకరికి ప్రాణాలు ఠావు తప్పాయి, ఇంకొకరికి అడుగులు బండ మీద నిలిచాయి. ఆ పద్యం చదివి పెరిగినవాడికి ఈ కీర్తన పరాయిది అనిపించదు.

నా జవాబు:
అయ్యా, మీ మాట పిల్లలకు చదివి వినిపించాను. డ్రమ్స్ వాయించే కుర్రాడు ఆ పద్యం మొత్తం పంపమని అడుగుతున్నాడు.

ఇప్పటికి చరణం ఇలా నిలిచింది:

కనిపెట్టి కనిపెట్టి ఉన్నాను
చెవి ఒగ్గి నా మొర విన్నాడు
గోతిలోంచి, దొంగ ఊబిలోంచి ఎత్తి
బండ మీద నా కాళ్ళు నిలిపాడు

మిగిలింది పల్లవి. 6వ కీర్తనలో "యెహోవా, నీవు ఎంతవరకు కరుణింపక యుందువు?" అని ఉంది. హీబ్రూలో వాక్యం పూర్తికాదు. "నీవైతే, యెహోవా, ఎంతవరకు" అని తెగిపోతుంది. మనవాళ్ళు "కరుణింపక యుందువు" చేర్చి పూర్తిచేశారు. చదువుకోవడానికి అది మేలే, పాటకు మాత్రం తెగిపోయిన మాటే కావాలి. యూటూ కచేరీల్లో ఈ పాటను చివర్లో పాడేవారు. బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే వేదిక దిగిపోతుంటే జనం ఆ ప్రశ్న పాడుతూనే ఉండేవారు. మా పిల్లలకూ అలాగే చేయాలని ఉంది. చిక్కు ఏమిటంటే "ఎంతవరకు" సాగదు. చివరి "కు" దగ్గర గొంతు మూసుకుపోతుంది. వందమంది పట్టుకునే మాట కావాలి.

మళ్ళీ బరంపురం సభ్యురాలు:
తమ్ముడూ, మా అబ్బాయి సూరత్‌లో పనిచేస్తాడు. మా గంజాం నుంచి అక్కడికి పోయినవాళ్ళు చాలామంది. ఫోను చేసినప్పుడల్లా నేను అడిగేది ఒకటే, "ఇంకా ఎన్నాళ్ళురా?" వాడు జవాబు చెప్పడు. "ఎన్నాళ్ళు"లో మధ్యన దీర్ఘం ఉంది, ఎంతసేపైనా పట్టుకోవచ్చు. ఒకసారి పాడించి చూడు.

నా జవాబు:
పాడించాను అక్కా. మా అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వాళ్ళతో కలిసి పాడింది. "ఎన్నాళ్ళు" అనే పెడుతున్నాం.