గుండెలో ఇన్ఫెక్షన్ అంట, మెదడులో నరం ఉబ్బిందంటున్నారు

కావలి అబ్బాయి:
అమ్మకి 46 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతింది, 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకునేది, పెళ్లయ్యాక మానేసింది. నెల కిందట చలిజ్వరం మొదలైతే మా ఊరి ఆర్ఎంపీ టైఫాయిడ్ అని మూడు వారాలు సూదులు పొడిచాడు, వేసినన్నాళ్లు తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. మొన్న ఆదివారం చేపల పులుసు వడ్డిస్తూ గరిటె జారవిడిచింది, వంగి తీయబోతే కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దగా వచ్చింది. నెల్లూరులో చేర్పించాం. వాల్వు మీది ఇన్ఫెక్షన్ ముక్క ఊడి మెదడుకి పోయిందంట, అక్కడ నరం, అంటే రక్తనాళం, బుడగలా ఉబ్బింది, మైకోటిక్ అన్యూరిజం అన్నారు. మైకోటిక్ అంటే ఫంగస్ కదా, మరి బ్యాక్టీరియా మందు ఎక్కిస్తున్నారేంది? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేదని మామ వార్డులోనే గొడవ పెట్టుకున్నాడు.

ఒంగోలు సిస్టర్:
తమ్ముడూ, ముందు మీ మామని బయట కూర్చోబెట్టు. ఆ ఇంజెక్షన్ ఇవ్వకపోవడమే మంచిదయింది. మామూలు పక్షవాతంలో అడ్డం పడేది ఉత్త రక్తం గడ్డ, అమ్మకి పడింది క్రిములు పట్టిన ముక్క, అది నరం గోడని లోపల్నించి తినేస్తుంది, పలచబడ్డ చోటే ఉబ్బేది, దాని మీద ఆ మందు పడితే మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం ఎక్కువ. మైకోటిక్ అన్న పేరు 1885లో ఆస్లర్ అనే డాక్టరు పెట్టింది, అలాగే ఉండిపోయింది, చాలావరకు బ్యాక్టీరియానే. బ్లడ్ కల్చర్, అదే రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష, దానికి తీశారా? ముందే సూదులు పడ్డాయి కాబట్టి క్రిమి దొరక్కపోవచ్చు. ఆర్ఎంపీ ఏం వేశాడో చీటీ గానీ ఖాళీ సీసా గానీ ఉంటే డాక్టరుకి చూపించు.

పొదిలి వాసి:
మా బాబాయికి ఇదే, ఆరు వారాలు సెలైన్‌లో మందు. జ్వరం పోగానే ఇంటికి పోదామని ఒకటే పేచీ, పోనివ్వలేదు. మళ్లీ సీటీ యాంజియో, అదే రక్తనాళాల స్కాన్, తీస్తే ఉబ్బు చిన్నదయింది. పెరిగితే మాత్రం కాయిల్, అంటే సన్నని తీగ చుట్ట, లోపల పెట్టి మూసేస్తారు, లేదా ఆపరేషన్. ఉన్నట్టుండి తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే రాత్రి రెండైనా సరే సిస్టర్‌ని లేపండి. అన్నట్టు పళ్లు చూశారా? బాబాయికి పుచ్చు పన్ను నుంచే పాకిందన్నారు.

కావలి అబ్బాయి:
కల్చర్‌కి మూడుసార్లు తీశారక్కా. పన్ను మాట చదివి ఒళ్లు జల్లుమంది, అమ్మ ఏడాదిగా దవడ పన్ను కింద లవంగం పెట్టుకుని తిరుగుతోంది, పొద్దున రౌండ్స్‌లో చెప్తా. ఆర్ఎంపీ ఫోన్ ఎత్తట్లేదు, చీటీ ఎప్పుడూ రాసిచ్చింది లేదు. తమ్ముడు ఇంటి వెనక పెంటదిబ్బలో సీసాలు వెతుకుతున్నాడు.