రెఫరెండం తర్వాత ఎంపీ ఎవరి మాట వినాలి?

2016 జూన్ 23న బ్రెగ్జిట్ రెఫరెండంలో, అంటే యూరోపియన్ యూనియన్‌లో బ్రిటన్ ఉండాలా, వైదొలగాలా అన్న ప్రజాభిప్రాయ సేకరణలో, నేనూ ఓటు వేశాను. బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు ఆ హక్కు ఉంది మరి. కాగితం మీద పెన్సిలుతో గీసిన ఆ గుర్తు ఇంకా నా కళ్ల ముందే ఉంది.

దేశం మొత్తం మీద 51.9 శాతం వైదొలగాలన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉండాలన్నారు. రెఫరెండం ఒక్కటే చాలదు, పార్లమెంటు చట్టం చేయాల్సిందేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే బరువంతా ఎంపీల మీదే పడింది కదా! తన నియోజకవర్గం యూనియన్‌లోనే ఉందామంటే, దేశం వద్దంటే, ఎంపీ దేనికి కట్టుబడాలి?

ఓటర్ల అభిప్రాయం కోసం తన వివేకాన్ని బలిపెట్టే ప్రతినిధి వారికి ద్రోహం చేసినట్లేనని 1774లో బ్రిటిష్ ఎంపీ, రాజకీయ తత్వవేత్త ఎడ్మండ్ బర్క్ తనను ఎన్నుకున్న బ్రిస్టల్ ఓటర్లతో అన్నాడు. ఆరేళ్లకు ఆ స్థానం ఆయన చేజారింది.

రాజ్యాంగ చట్టం చదివినవారు దయచేసి చెప్పండి: ఎంపీని కట్టిపడేసే నియమం ఏదైనా ఉందా, లేక అంతా మనస్సాక్షికే వదిలేశారా?