చెన్నైలో ఆగమన కాలం: క్రిస్మస్‌కి మనసును ఎలా సిద్ధం చేసుకుంటున్నారు?

నెల్లూరు మేరీ
అందరికీ నమస్కారం. జూన్‌లో నెల్లూరు నుంచి వేళచ్చేరి వచ్చాం. ఊళ్ళో అయితే ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలం, మొదటి ఆదివారం నుంచే ఇంట్లో రోజూ జపమాల, సాయంత్రం గుడి. ఇక్కడ ఆఫీసు, పిల్లల పరీక్షలు, వాన. రోజులు చేతిలోంచి జారిపోతున్నాయి. మూడు సంగతులు చెప్పండి. ఒక్కపొద్దు ఉండాలా? పిల్లలతో ఇంట్లో ఏం చేయిస్తున్నారు? ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం తెలుగులో ఎక్కడ చెయ్యొచ్చు? తమిళం అర్థమవుతుంది కానీ నా పాపాలు ఆ భాషలో చెప్పుకోలేను.

పెరంబూరు గాయకుడు
అవన్నీ తర్వాత. ముందు పూజలో (మాస్‌లో) క్రిస్మస్ పాటలు ఆపాలి. పోయిన ఏడాది మా విచారణలో (పారిష్‌లో) రెండో ఆదివారమే మొదలుపెట్టారు. సువిశేషంలో స్నాపక యోహాను మనసు మార్చుకోమని ఎడారిలో కేక వేస్తున్నాడు, మేమేమో బాలయేసు పుట్టేశాడని డ్రమ్స్ వాయిస్తున్నాం. ఈ నాలుగు ఆదివారాలూ దేవునికి మహిమ అని పూజలో పాడే మహిమ గీతం ఎందుకు ఆపుతారు? 24 రాత్రి గంటలతో మళ్ళీ అందుకున్నప్పుడు ఒళ్ళు జలదరించాలని! 18 ఏళ్ళు పాడిన గాయక బృందాన్ని నేను ఈ ఒక్క కారణంతో వదిలేశాను.

యూత్ లీడర్ విల్లివాక్కం
అన్నా, మీలాంటి వాళ్ళు తిట్టబట్టే కుర్రాళ్ళు గుడికి దూరమవుతున్నారు. డిసెంబర్ రెండో వారం నుంచి మేం క్యారల్ రౌండ్స్ వెళ్తాం. పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్ళ ఇళ్ళకి ఏడాదిలో వెళ్ళేది అప్పుడే. పోయినసారి ఒకామె మా చేతులు పట్టుకుని వదల్లేదు. ఇది ఆధ్యాత్మిక సిద్ధపాటు కాదా?

పెరంబూరు గాయకుడు
ఇళ్ళకి వెళ్ళొద్దని ఎవరన్నారు? పూజలో పాడొద్దన్నాను. చదివి మాట్లాడు తమ్ముడూ.

ఉపదేశి మనవడు
12 ఏళ్ళుగా జ్ఞానోపదేశం చెబుతున్నాను, ఈ విషయంలో నా మాట వినండి. రోమన్ మిస్సల్, అంటే మన పూజ గ్రంథం, దాని సాధారణ నియమావళి 313వ సంఖ్య చూడండి. ఆగమన కాలంలో ఆర్గన్, వాద్యాలు మితంగా ఉండాలి, ప్రభువు జననపు పూర్తి సంతోషాన్ని ముందే ప్రకటించకూడదు అని ఉంది. అది పూజకి సంబంధించిన నియమం. వీధికి వర్తించదు. కాబట్టి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఒక్కపొద్దు తప్పనిసరి కాదు. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలానికి ఉన్న నియమం దీనికి లేదు. శుక్రవారాలు మాత్రం ఏడాది పొడవునా ప్రాయశ్చిత్త దినాలే. ఇక పాపసంకీర్తనం దుభాషి సాయంతో చెయ్యొచ్చని కతోలిక సభ 1983 ధర్మశాస్త్రం 990వ సూత్రం అనుమతిస్తోంది.

వ్యాసర్పాడి రోజీ
దుభాషిని పక్కన పెట్టుకుని పాపాలు చెప్పాలా? మీరు చెప్తారా?

ఉపదేశి మనవడు
ఆ దుభాషికీ రహస్యం కాపాడే బాధ్యత ఉంటుందమ్మా. 983వ సూత్రం.

వ్యాసర్పాడి రోజీ
సూత్రాలు కాదండి, సిగ్గు సంగతి మాట్లాడుతున్నా.

సైదాపేట జోసెఫ్
నక్షత్రం ఎప్పుడు కట్టాలని మా ఇంట్లోనూ గొడవే. ఒక మాట చెప్తాను. 2015లో ఆగమన కాలం మొదలైన మూడో రోజు, డిసెంబర్ 1న, అడయారు పొంగి మా వీధిలోకి వచ్చింది. మేడ మీద రెండు రాత్రులు ఉన్నాం. ఎదురింటి ముస్లిం కుటుంబం తాడు కట్టి అన్నం పొట్లాలు పంపింది. ఆ ఏడాది నక్షత్రం లేదు, కొత్త బట్టలు లేవు, పశువుల పాక బొమ్మలన్నీ నీళ్ళలో పోయాయి. ఎవరైనా వచ్చి కాపాడతారని ఎదురుచూడటం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

పెరంబూరు గాయకుడు
జోసెఫ్ గారూ, మీరు చెప్పిన ఆ ఎదురుచూపునే పాటల్లో నిలబెట్టమంటున్నాను.

ఫిరంగిపురం అమ్మాయి
మేరీ అక్కా, మీ మూడో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేను ఏడేళ్ళు పాపసంకీర్తనం చెయ్యలేదు. తెలుగు ఫాదర్ దొరకలేదని అందరికీ చెప్పేదాన్ని. అసలు కారణం వేరే. పొలం పంపకాల్లో మా అన్నని అనకూడని మాటలన్నాను, అది పైకి చెప్పాలంటే భయం.

పోయిన డిసెంబర్‌లో పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్) ఎక్కాను. కొండ మీది గుడి నిరీక్షణ మాత పేరిట ఉంది, పోర్చుగీసు వాళ్ళు 1523లో కట్టింది. మాత పండుగ డిసెంబర్ 18, క్రిస్మస్‌కి సరిగ్గా వారం ముందు. నిండు నెలల తల్లి బిడ్డ కోసం ఎదురుచూసే పండుగ అది. అక్కడ కూర్చుంటే ఏడుపాగలేదు. దిగి వచ్చి ఒక తమిళ ఫాదర్ దగ్గర తెలుగులోనే చెప్పాను. పాపసంకీర్తనం అన్న మాట ఆయన భాషలోనూ ఉందిగా. ఆయనకి సగం అర్థమై ఉంటుంది. "అన్నన్" అన్న మాట పట్టుకుని, క్రిస్మస్‌లోపు అన్నకి ఫోన్ చెయ్యమని ప్రాయశ్చిత్తం ఇచ్చారు.

మూడు రోజులు చేశాను, ఎత్తలేదు. నాలుగో రోజు వదిన ఎత్తింది.

నెల్లూరు మేరీ
చెల్లీ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనూ మాత పండుగ రోజు కొండకి వస్తాను. పిల్లల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

వ్యాసర్పాడి రోజీ
నాలుగు కొవ్వొత్తుల వలయం పెట్టండి, మూడు ఊదా, ఒకటి గులాబీ. గులాబీది మూడో ఆదివారం వెలిగించాలి. మాకు దొరక్క తెల్లదానికి రిబ్బన్ చుట్టాం. డిసెంబర్ 17 నుంచి 23 దాకా సాయంకాల ప్రార్థనలో ప్రభువుని రోజుకో పేరుతో పిలుస్తారు కదా, ఓ జ్ఞానమా అని మొదలై ఓ ఇమ్మానుయేలూ అని ముగుస్తుంది. ఆ పేరు మా చిన్నది రోజూ కాగితం మీద రాసి పాక దగ్గర పెడుతుంది. తొట్టి మాత్రం 24 రాత్రి దాకా ఖాళీ. బాలయేసు బొమ్మ బియ్యం డబ్బాలో ఉంటుంది.

యూత్ లీడర్ విల్లివాక్కం
గాయకుడు అన్నా, నిన్న కోపంలో రాశాను, క్షమించండి. ఈసారి పూజలో 24 దాకా ఆగమన కాలపు పాటలే పాడదామని మా వాళ్ళకి చెప్పాను, ఒప్పుకున్నారు. కానీ మాకు ఆ పాటలు నాలుగే వచ్చు. శనివారం ప్రాక్టీసుకి వచ్చి నేర్పిస్తారా?

పెరంబూరు గాయకుడు
ఎన్ని గంటలకి? ఆర్గన్ ఎవరు వాయిస్తారు?