కొత్త క్యాబినెట్‌లోకి మార్చాక సిస్టమ్ ఆన్ కావట్లేదు, ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది

ఖమ్మం_ఎడిటర్:
అందరికీ నమస్తే. నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. మూడేళ్ళ కిందట నేనే పార్టులు కొనుక్కుని బిగించుకున్న సిస్టమ్ ఇది: రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డు (పెద్ద సైజు, ఏటీఎక్స్), 16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా). పాత క్యాబినెట్‌లో గాలి ఆడక బాగా వేడెక్కుతోంది, మా బావ వాళ్ళింట్లో ఒక పెద్ద క్యాబినెట్ ఖాళీగా ఉంటే తెచ్చుకుని నిన్న రాత్రి కూర్చుని అన్నీ అందులోకి మార్చాను. బటన్ నొక్కితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే చలనం లేదు. వెనక స్విచ్ ఆపేసి కాసేపాగి వేస్తే మళ్ళీ అదే పావు చుట్టు. బోర్డు మీద చిన్న లైటు మాత్రం వెలుగుతోంది. హార్డ్ డిస్క్‌లో రెండు పెళ్ళిళ్ళ ఫుటేజీ ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు, ఒకటి ఆదివారానికల్లా ఇవ్వాలి. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. షాపుకి ఫోన్ చేస్తే చూడకుండానే బోర్డు పోయుంటుంది, కొత్తది వేసుకోండి అన్నారు. ఏం చేయమంటారు?

కాకినాడ_సునీత:
ముందు కంగారు పడకండి. ప్లగ్ పీకేసి, హార్డ్ డిస్క్‌కి ఉన్న పవర్ కేబుల్, డేటా కేబుల్ రెండూ తీసి డిస్క్‌ని జాగ్రత్తగా పక్కన పెట్టేయండి. బోర్డు నిజంగానే పోయినా ఫుటేజీ ఎక్కడికీ పోదు, ఆ డిస్క్‌ని ఇంకో సిస్టమ్‌కి తగిలించి కాపీ చేసుకోవచ్చు. కొత్త బోర్డు మాత్రం ఇప్పుడే కొనకండి.
మాకు ఒకసారి ఆన్ అయిన నాలుగైదు సెకన్లకే ఆరిపోయేది. చూస్తే క్యాబినెట్ ముందున్న బటన్ లోపల ఇరుక్కుపోయి ఎప్పుడూ నొక్కినట్టే ఉంది. బటన్ పట్టుకుని నొక్కి ఉంచితే సిస్టమ్ ఆరిపోతుంది కదా, అదే జరిగేది. కాబట్టి ముందు ప్యానెల్ నుంచి వచ్చే బటన్ వైరు తీసేసి, బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నులని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపి వదలండి. బటన్ తప్పో కాదో తేలిపోతుంది.

నెల్లూరు_రవి:
బ్రో, ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల సాకెట్‌లో ఏ కేబుల్ పెట్టావో ఒకసారి చూడు. గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే 8 పిన్నుల కేబుల్ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. బలంగా నొక్కితే కొన్ని దూరిపోతాయి కూడా.
ఇంకో మాట, ఎస్‌ఎంపీఎస్ నుంచి కేబుళ్ళు ఊడదీసే రకం అయితే మీ బావ పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళు దీనికి పెట్టొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. నేను ఒక కేబుల్ పొట్టిగా ఉందని పాత దాని కేబుల్ వేశాను, ఆన్ చేసిన మరుక్షణం ఎస్‌ఎస్‌డీ పోయింది. మా పాప చిన్నప్పటి ఫోటోలు అందులోనే ఉండేవి. అందుకే ఈ మాట ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్తూనే ఉంటాను.

ఖమ్మం_ఎడిటర్:
థాంక్స్ అండి. డిస్క్ తీసి పక్కన పెట్టాను, మనసు కొంచెం కుదుటపడింది. స్క్రూడ్రైవర్‌తో కలిపి చూశా, అదే పావు చుట్టు. రవి అన్నా, నాది కేబుళ్ళు ఊడిరాని రకం, 8 పిన్నుల కేబుల్ మీద సీపీయూ అనే రాసి ఉంది. అయినా తీసి మళ్ళీ పెట్టాను. ర్యామ్ కూడా తీసి తుడిచి పెట్టాను.

కర్నూలు_నెట్‌సెంటర్:
బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ ఉంటుంది కదా, సీఆర్2032, అది మార్చి చూడండి. మా సెంటర్‌లో రెండు పాత బోర్డులు ఆ బ్యాటరీ దిగిపోతే అసలు ఆన్ అయ్యేవి కావు.

రిపేర్_బాబాయ్:
తమ్ముడూ, గుంటూరులో పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. బ్యాటరీ సంగతి నిజమే, కొన్ని బోర్డులకి అలా అవుతుంది, కానీ నిన్నటిదాకా నడిచిన సిస్టమ్ క్యాబినెట్ మార్చిన రాత్రే ఆగిందంటే ముందు మార్చిన దాన్నే అనుమానించాలి. నువ్వు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. పూర్తిగా చచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్‌ని పావు చుట్టు కూడా తిప్పదు, బోర్డు లైటు కూడా వెలగదు. నీది స్టార్ట్ అవుతోంది, ఎక్కడో షార్ట్ కనపడగానే తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అలా ఆగాక వెనక స్విచ్ తీసి వేసేదాకా మళ్ళీ స్టార్ట్ కాదు. సరిగ్గా నువ్వు రాసింది అదే.
రెండు పనులు చెయ్యి. మొదటిది, ప్లగ్ పీకి 24 పిన్నుల కనెక్టర్‌తో సహా అన్ని కేబుళ్ళూ బోర్డు నుంచి తీసెయ్. ఒక జెమ్ క్లిప్ వంచి ఆకుపచ్చ వైరు పిన్నునీ దాని పక్కనే ఉన్న నల్ల వైరు పిన్నునీ కలిపి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టి వెనక స్విచ్ వెయ్యి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగి, మల్టీమీటర్‌తో పసుపు, నలుపు మధ్య 12 వోల్టుల దగ్గర్లో చూపిస్తే పాస్ అనుకో. నీ వైర్లన్నీ నలుపే అయితే అంచనాతో పెట్టొద్దు, పిన్నుల బొమ్మ చూసి పెట్టు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు.
రెండోది, బోర్డుని క్యాబినెట్‌లోంచి పూర్తిగా బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్, రెండు పవర్ కేబుళ్ళు (24 పిన్నులది, 8 పిన్నులది), మానిటర్. ఇంకేమీ వద్దు, ముందు ప్యానెల్ యూఎస్‌బీ కూడా వద్దు. స్క్రూడ్రైవర్‌తో ఆన్ చెయ్యి. బయట నడిచిందంటే తప్పు క్యాబినెట్‌లోనే ఉన్నట్టు.

ఖమ్మం_ఎడిటర్:
బాబాయ్!! అట్టపెట్టె మీద పెట్టి పిన్నులు కలపగానే ఫ్యాన్ ఝుమ్మని తిరిగింది, మానిటర్ మీద బయోస్ వచ్చింది. మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది నేను అరిచిన అరుపుకి. జెమ్ క్లిప్ టెస్ట్ కూడా పాస్, 12.1 చూపించింది.
మరి క్యాబినెట్‌లో ఏముంది?

రిపేర్_బాబాయ్:
మీ బావ క్యాబినెట్‌లో ఇదివరకు చిన్న బోర్డు ఉండేదా? లోపలి రేకు మీద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డు రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్ళు) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, నీ బోర్డుకి స్క్రూ రంధ్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. రంధ్రం లేని చోట స్టాండాఫ్ ఉండకూడదు. బోర్డుని తిరగేసి లైటు వేసి చూడు.

ఖమ్మం_ఎడిటర్:
దొరికింది. మా బావది మైక్రో ఏటీఎక్స్ బోర్డట. రేకుకి 11 స్టాండాఫ్‌లు ఉన్నాయి, నా బోర్డుకి రంధ్రాలు 9. నేను కింది వరుసకి కావాల్సినవి కొత్తగా బిగించాను కానీ చిన్న బోర్డు కోసం ఉన్న రెండింటిని తీయలేదు. తిరగేసి ఫోన్ టార్చ్ వేస్తే గ్రాఫిక్స్ కార్డు స్లాట్ వెనక, టంకం చుక్కలు బారుగా ఉన్న చోట, ఆరు పలకల గీత సన్నగా మెరుస్తోంది, సరిగ్గా స్టాండాఫ్ తల అచ్చు. మూడు టంకం చుక్కల మొనలు అణిగి తెల్లగా ఉన్నాయి. స్క్రూ బిగించేకొద్దీ బోర్డుని దాని మీదకే నొక్కాను. వేలితో తడిమితే గరుకుగా తగులుతోంది.

కాకినాడ_సునీత:
హమ్మయ్య. ఆ చుక్కలు ఒకదానికొకటి అంటుకోలేదు కదా? బ్రష్‌తో దులిపి, బాగా చూసి పెట్టండి. డిస్క్ తగిలించగానే వేరే పని ఏదీ మొదలెట్టకుండా ముందు కాపీ.

రిపేర్_బాబాయ్:
గీత పైపూత మీదే ఉండి రాగి కనపడకపోతే భయం లేదు. నీ ఎస్‌ఎంపీఎస్‌కి దండం పెట్టుకో, షార్ట్ పట్టుకుని వెంటనే ఆగింది కాబట్టి బోర్డు మిగిలింది. షార్ట్ అయినా ఆగని నాసిరకం డబ్బాల వల్ల కాలిన బోర్డులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. సిస్టమ్ కొన్నానంటే నలుగురూ ప్రాసెసర్ గురించే అడుగుతారు, నేనైతే ముందు ఎస్‌ఎంపీఎస్ ఏది వేశావని అడుగుతాను.
ఆ రెండు స్టాండాఫ్‌లు ప్లయర్‌తో తిప్పితే వచ్చేస్తాయి. ఇంకోటి, క్యాబినెట్ రేకు తాకితే చేతికి చిమచిమ అంటుందా?

ఖమ్మం_ఎడిటర్:
అవును బాబాయ్, చెప్పులు లేకపోతే అంటుంది. పాత దానికి కూడా అంతే, అది మామూలే అనుకున్నా.

రిపేర్_బాబాయ్:
మామూలు కాదు. నీ స్విచ్ బోర్డులోనో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోనో ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిగా కరెంటు రేకుకి వస్తుంది, ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే నీ చేతిలోకి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మూడో పిన్నుకి ఎర్త్ వస్తోందో లేదో చూపించు. ఈ వారంలోనే.

ఖమ్మం_ఎడిటర్:
రెండు స్టాండాఫ్‌లూ తీసేసి, అంతా మళ్ళీ బిగించి ఆన్ చేశాను. మొదటిసారికే వచ్చింది. మా మేనమామది ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి కాపీ పెట్టాను, ఒక పెళ్ళి పూర్తయింది, రెండోది తలంబ్రాల దాకా వచ్చింది. ఎలక్ట్రీషియన్ రేపు పొద్దున వస్తానన్నాడు.