తొమ్మిదో రోజు జ్వరం, విడాల్ కాగితం, నడుము దగ్గర నల్లటి పక్కు

ములుగు_అడవిదారి:
వైద్య మిత్రులందరికీ నమస్కారం. గత నెలలో నేను చూసిన ఒక జ్వరం గురించి వివరంగా రాస్తున్నాను. ఇటువంటివి మీరూ చూసే ఉంటారు కాబట్టి, మీరేం చేశారో, ఎక్కడ పొరబడ్డారో కూడా రాస్తే, మారుమూల మండలాల్లో ఒంటరిగా పనిచేస్తున్న కొత్త డాక్టర్లకు ఎంతో ఉపయోగంగా ఉంటుంది.

ఆమెకు నలభై రెండేళ్లు. కూలికి పత్తి ఏరే మనిషి. జ్వరం మొదలైన తొమ్మిదో రోజున భర్త ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకువచ్చాడు. చేతిలోని సంచిలో రకరకాల ల్యాబుల కాగితాలున్నాయి. మూడో రోజున చేయించిన విడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్షలో ‘ఓ’ 1:160, ‘హెచ్’ 1:160 అని రాసి ఉంది. దాన్ని బట్టి టైఫాయిడ్ అని నిర్ణయించి, ఐదు రోజుల పాటు రెండు పూటలా సెఫ్ట్రియాక్సోన్ సూదులు వేశారు, రోజూ సెలైన్ ఎక్కించారు. జ్వరం దిగలేదు సరికదా, ఏడో రోజు నుంచి పొడిదగ్గు, భరించలేని తలనొప్పి, నడిస్తే ఆయాసం మొదలయ్యాయి. ప్లేట్‌లెట్లు 68,000 ఉన్నాయి. కాలేయపు ఎంజైములు మామూలుకు మూడింతలున్నాయి. ఎనిమిదో రోజున చేసిన డెంగీ ఎన్ఎస్1, మలేరియా కార్డు పరీక్షలు రెండూ నెగెటివ్.

ప్లేట్‌లెట్లు పడిపోయాయి కాబట్టి ఇది డెంగీయేనని నేను కూడా గంటసేపు నమ్మాను. అయితే డెంగీ జ్వరం సాధారణంగా వారంలోపే దిగిపోతుంది, ఈమెకు తొమ్మిదో రోజున కూడా 103 డిగ్రీలుంది. నేను ఆ సందేహంలో ఉండగానే, చీర మార్చడానికి సాయం చేస్తున్న మా సిస్టర్ వచ్చి, నడుము దగ్గర లంగా బొందు బిగిసే చోట నల్లటి పక్కు ఒకటి ఉందని చెప్పింది. వెళ్లి చూస్తే, పావలా బిళ్లకంటే చిన్నది, చుట్టూ ఎర్రటి అంచుతో, నొప్పీ దురదా లేని ఎస్కార్, అంటే పురుగు కుట్టినచోట చర్మం చచ్చి నల్లబడిన పక్కు. గజ్జల్లో బిళ్లలు కూడా కట్టి ఉన్నాయి. పొదల్లో ఉండే చిగ్గర్ అనే సన్నటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అని అక్కడే నిర్ణయించి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాను. మర్నాడు రాత్రికి జ్వరం దిగింది. మూడో రోజున ఆమె లేచి కూర్చుని అన్నం అడిగింది.

నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది ఒక్కటే. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె రక్తాన్ని కనీసం నాలుగుసార్లు తీశారు, ఒంటిని మాత్రం ఒక్కసారీ పూర్తిగా చూడలేదు.

గుంటూరు_మైక్రోబయాలజీ:
డాక్టర్ గారూ, మీరు విడాల్ ప్రస్తావన తెచ్చారు కాబట్టి ల్యాబు వైపు నుంచి కొంత వివరంగా రాస్తాను. విడాల్ 1896 నాటి పరీక్ష. అది టైఫాయిడ్ క్రిమిని వెదకదు, ఆ క్రిమికి ఎదురుగా మన శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను కొలుస్తుంది. ఆ ప్రతిరక్షకాలు గుర్తించదగినంతగా పెరగడానికి సాధారణంగా వారం పడుతుంది. కాబట్టి మూడో రోజున కనిపించిన 1:160 అనే విలువ ఇప్పటి జ్వరానిదని అనుకోవడం కంటే, ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ మిగిల్చిన గుర్తు అనుకోవడమే సమంజసం. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఇటువంటి విలువలు కనిపిస్తూనే ఉంటాయి. టీకా వేయించుకున్నవారిలో, ఇతర సాల్మొనెల్లా జాతులు సోకినవారిలో, కొన్నిసార్లు మలేరియా రోగుల్లో కూడా ఇది పాజిటివ్ చూపిస్తుంది. వారం, పది రోజుల తేడాతో రెండు నమూనాలు తీసి, రెండోదానిలో నాలుగింతలు పెరుగుదల ఉంటేనే దీనికి నిజమైన అర్థం ఉంటుంది. నా ఉద్యోగ జీవితంలో రెండో నమూనా పంపిన డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

టైఫాయిడ్ అని అనుమానం వస్తే యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడకముందే, రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ తీయండి. పెద్దవారిలో కనీసం 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి. చాలామంది రెండు మిల్లీలీటర్లు పంపించి, క్రిమి పెరగలేదని మమ్మల్ని అడుగుతుంటారు. టైఫాయిడ్‌లో క్రిములు రక్తంలో చాలా పలచగా ఉంటాయి కాబట్టి రక్తం పరిమాణమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కల్చర్ కూడా అన్ని కేసులనూ పట్టుకోలేదు, కానీ పట్టుకున్నప్పుడు ఏ మందు పనిచేస్తుందో చెబుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని టైఫాయిడ్ మన దేశంలో సర్వసాధారణమైపోయిన ఈ రోజుల్లో ఆ సమాచారం ఎంతో విలువైనది.

స్క్రబ్ టైఫస్ పరీక్షల గురించి కూడా ఒక మాట చెప్పాలి. దీని ప్రతిరక్షకాలను వెదికే ఐజీఎం ఎలీసా పరీక్ష మొదటి ఐదు రోజుల్లో నెగెటివ్‌గా వచ్చే అవకాశం ఎక్కువ. పాజిటివ్ అయ్యాక నెలల తరబడి అలాగే ఉండవచ్చు. వీల్-ఫెలిక్స్ అనే పాత ప్రతిరక్షకాల పరీక్షలో ఓఎక్స్-కె విలువ పెరిగితే సూచనగా తీసుకోవచ్చు గాని, అది పెరగలేదని జబ్బును తోసిపుచ్చకూడదు. ఎస్కార్ కనిపిస్తే మాత్రం దాని పైనున్న పక్కును మెల్లగా తీసి, శుభ్రమైన గొట్టంలో వేసి, క్రిమి జన్యువును వెదికే పీసీఆర్ పరీక్షకు పంపండి. రక్తంలో కంటే ఆ పక్కులోనే క్రిమి జన్యువు తేలికగా దొరుకుతుంది.

సిస్టర్_నల్లగొండ:
ములుగు డాక్టర్ గారూ, మీ సిస్టర్‌కు నా తరఫున అభినందనలు చెప్పండి. వార్డులో పద్నాలుగేళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ఈ పక్కు బట్ట బిగిసేచోట, చర్మం ముడతపడేచోట ఉంటుంది. మగవారిలో మొలతాడు కింద, గజ్జల్లో, చంకల్లో చూడండి. ఆడవారిలో లంగా బొందు చోట, రొమ్ముల కింద, జాకెట్ అంచుల దగ్గర చూడండి. నొప్పి ఉండదు కాబట్టి రోగి తనంతట తాను చెప్పడు. అడిగితే చీమ కుట్టిందనో, ఎప్పుడో కాలిందనో అంటారు, కొందరు పసుపు పెట్టి ఊరుకుంటారు. ఒకామె మంగళసూత్రం తాడు ఒరుసుకుపోయిందని అనుకుంది. తడిగా ఉండే ముడతల్లో పక్కు నల్లగా కాకుండా పసుపుపచ్చని పుండులా కనిపిస్తుంది, అది కూడా గుర్తుంచుకోవాలి. తెర అడ్డుపెట్టి, ఆడమనిషి తోడుండి, ఎందుకు చూస్తున్నామో ముందుగా చెబితే కాదన్నవారు ఇంతవరకు నాకు తారసపడలేదు.

పిల్లల_డాక్టర్_కర్నూలు:
పిల్లల్లో చెవుల వెనుక, తలలో జుట్టు కింద, మర్మావయవాల దగ్గర కూడా వెదకాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇస్తే పళ్లు రంగు మారతాయన్న భయం పాత టెట్రాసైక్లిన్ల నుంచి వచ్చింది. స్క్రబ్ టైఫస్ వంటి రికెట్సియా జాతి జ్వరాల్లో కొద్ది రోజుల కోర్సుకు ఆ భయం అక్కరలేదని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. 45 కిలోల లోపు పిల్లలకు కిలోకు 2.2 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తాను. గర్భిణులకు మాత్రం అజిత్రోమైసిన్‌నే ఎంచుకోవాలి.

ములుగు డాక్టర్ గారూ, మీరు డెంగీ అనుకున్న ఆ గంట గురించి నేను కొంచెం ఎక్కువ రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే మా దగ్గర పొరపాటు దీనికి వ్యతిరేక దిశలో జరుగుతుంది. డెంగీలో జ్వరం దిగిన రోజే అసలు ప్రమాదం మొదలవుతుంది. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒళ్లు చల్లబడగానే తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోతారు, సరిగ్గా అప్పుడే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం ఎక్కువవుతుంది. కొన్నేళ్ల క్రితం ఆరేళ్ల పాపను అలాగే ఇంటికి పంపించాను. జ్వరం లేదు, ప్లేట్‌లెట్లు 90,000 ఉన్నాయి, అందరూ సంతోషించారు. ఆ రాత్రి కడుపునొప్పితో, ఆగని వాంతులతో, చల్లబడిన చేతులతో వెనక్కి తెచ్చారు. పాప బతికింది. ఉదయపు కాగితాన్ని మళ్లీ తీసి చూస్తే, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం, ద్రవం కారిపోయేకొద్దీ ఇది పెరుగుతుంది) ముందురోజు 36 ఉన్నది 44కు పెరిగింది. నేను ప్లేట్‌లెట్ల గడి చూసి, ఆ పక్క గడి చూడలేదు.

అందుకే ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయని అడిగే బంధువులకు నేను ముందుగా హెమటోక్రిట్ అంటే ఏమిటో, మూత్రం ఎన్ని గంటలకొకసారి వస్తున్నదో ఎందుకు చూడాలో చెబుతాను. రక్తస్రావం లేకుండా, 10,000 కంటే ఎక్కువ ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదని నచ్చజెప్పడం చాలా శ్రమతో కూడిన పని, అయినా చెప్పవలసిందే. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదని మందుల దుకాణం వారికి కూడా చెబుతుంటాను.

మన్యం_మెడికల్_ఆఫీసర్:
అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి రాస్తున్నాను. మా దగ్గర జ్వరం అనగానే మలేరియా చూడనిదే అడుగు ముందుకు వేయం. ఒక్క కార్డు నెగెటివ్ వస్తే అక్కడితో ఆగవద్దు, చలిజ్వరం లక్షణాలు కొనసాగితే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మళ్లీ చేయండి, వీలైతే రక్తపు పూత తీసి మైక్రోస్కోప్‌లో చూడండి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ మైక్రోస్కోప్ పని ఈనాటికీ పాతబడలేదు. ఫాల్సిపారం రకం మలేరియాకు చికిత్స పూర్తయ్యాక కూడా కార్డు కొన్ని వారాలు పాజిటివ్ చూపవచ్చు కాబట్టి, నెలలోపు మళ్లీ జ్వరంతో వచ్చినవారికి కార్డును నమ్మి మరోసారి అదే మందు ఇవ్వడం సరికాదు.

వైవాక్స్ రకం మలేరియా విషయంలో మా బాధ వేరు. క్లోరోక్విన్ మూడు రోజులకు జ్వరం పోతుంది, దానితోపాటు మందు మీద శ్రద్ధా పోతుంది. కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవిని చంపే ప్రైమాక్విన్‌ను పద్నాలుగు రోజులూ వేసుకోకపోతే కొన్ని వారాలకో నెలలకో అదే మనిషి మళ్లీ వస్తాడు. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి ఎదురుగా మింగిస్తేనే కోర్సు పూర్తవుతున్నది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఈ మందుతో రక్తకణాలు పగిలిపోవచ్చు కాబట్టి, మూత్రం నల్లటి టీ రంగులోకి మారితే వెంటనే మందు ఆపి రమ్మని ఇంటిల్లిపాదికీ చెప్పాలి. గర్భిణులకు ఇది ఇవ్వకూడదు.

టౌన్_క్లినిక్_అనంతపురం:
మీరందరూ చెప్పింది నిజమే కాని, నాలాగా చిన్న క్లినిక్ నడుపుకునేవారి ఇబ్బందిని కూడా ఆలోచించండి. రోగి తనే ‘టైఫాయిడ్ టెస్టు రాయండి సార్’ అని అడుగుతాడు. కల్చర్‌కు డబ్బు, ఫలితానికి మూడు రోజులు కావాలి, అతనికి రేపటి కూలి ముఖ్యం. నేను చేస్తున్నది ఇది: ఐదు రోజులు దాటిన జ్వరంలో మలేరియా, డెంగీ లేవని తేలితే, ఎస్కార్ కనపడినా కనపడకపోయినా డాక్సీసైక్లిన్ కలుపుతాను. అది స్క్రబ్ టైఫస్‌కు, పొలం నీళ్లలో సోకే ఎలుక జ్వరానికి కూడా పనిచేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ జోలికి మాత్రం పోను. అవి క్షయను కొంతకాలం అణచిపెట్టి, రోగనిర్ధారణను ఆలస్యం చేయడం నేను కళ్లారా చూశాను. ఇది తప్పా?

ములుగు_అడవిదారి:
అనంతపురం డాక్టర్ గారూ, తప్పని నేను అనను, వానాకాలం తర్వాతి నెలల్లో నేనూ అదే చేస్తాను. అయితే రెండు గడువులు మనసులో పెట్టుకుంటే మేలని నా అభిప్రాయం. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ పడితే చాలామందిలో రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, మూడు రోజులైనా దిగకపోతే మన నిర్ధారణను మొదటినుంచి పరిశీలించాలి. నిజమైన టైఫాయిడ్‌లో సరైన మందు ఇచ్చినా జ్వరం తగ్గడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఈ తేడా తెలియక రెండో రోజే మందు మార్చి, నాలుగో రోజు మరొకటి చేర్చి, చివరికి ఏది పనిచేసిందో తెలియని స్థితికి చేరుకుంటున్నాం.

ఐసీయూ_హైదరాబాద్:
ఆలస్యంగా వచ్చినవారిని చూసేది మేము కాబట్టి ఒక్క విషయం చేరుస్తాను. మా దగ్గరికి వచ్చేసరికి స్క్రబ్ టైఫస్ ఊపిరితిత్తుల నిండా వ్యాపించి, మూత్రపిండాలు దెబ్బతిని, కొందరిలో స్పృహ తప్పి ఉంటుంది. మన దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి తీవ్రమైన స్క్రబ్ టైఫస్ మీద చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండింటినీ కలిపి ఏడు రోజులు రక్తనాళం ద్వారా ఇచ్చినవారిలో, ఏదో ఒక్కటే ఇచ్చినవారి కంటే సమస్యలు త్వరగా తగ్గాయి. మరణాల్లో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. ఇది తీవ్రమైన కేసులకే వర్తిస్తుంది, ఓపీలో నడిచి వచ్చిన జ్వరానికి రెండూ కలిపి రాయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ వంటివి ఈ క్రిమి మీద అసలు పనిచేయవు, ఎందుకంటే అవి తెంచవలసిన కణకవచం దీనిలో లేనట్లే లెక్క. ఆయాసం మొదలైన జ్వరాన్ని మాకు పంపేటప్పుడు, పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదటి మోతాదు వేసి పంపండి.

సిస్టర్_నల్లగొండ:
ఆ మొదటి మోతాదు గురించే ఒక చిన్న మాట. డాక్సీసైక్లిన్ మాత్రను నిండు గ్లాసు నీళ్లతో మింగించి, అరగంట సేపు పడుకోనివ్వకండి. గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకున్నవారికి అన్నవాహికలో పుండు పడి, గుండెనొప్పి అని భయపడుతూ వచ్చిన సందర్భాలున్నాయి. పాలతో వేసుకోవద్దని కూడా చెప్పండి.

ములుగు_అడవిదారి:
అందరికీ కృతజ్ఞతలు. మా ఓపీ చీటీ పైభాగంలో ‘జ్వరం ఎన్నో రోజు’ అన్న గీత ఒకటి చేర్చాం, దాని కిందే ‘ఒళ్లంతా చూశారా’ అన్న గీత, అక్కడ సిస్టర్ సంతకం చేస్తుంది. నిన్న ఆ పత్తి ఏరే మనిషి తిరిగి పరీక్షకు వచ్చింది. ప్లేట్‌లెట్లు 2,10,000కు చేరాయి, దగ్గు పూర్తిగా పోయింది. తనతో పాటు పత్తి ఏరే మరో అమ్మాయిని వెంట తెచ్చింది, ఆ అమ్మాయికి నాలుగో రోజు జ్వరం. చంకలో చిన్న పక్కు, అప్పుడే నల్లబడుతోంది. మందు మొదలుపెట్టి, గుంటూరు మేడమ్ చెప్పినట్లు ఆ పక్కును గొట్టంలో వేసి, ఐసు పెట్టెలో జిల్లా కేంద్రానికి పంపించాను. ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను.